పాజిటివ్ ఫంక్షన్‌కి మైనస్ జవాబు: మా ఇంటిగ్రేటర్‌లో తప్పు ఎక్కడ?

అనంతపురం_గణకం

ఇంటర్ రెండో సంవత్సరం, బీటెక్ మొదటి సంవత్సరం పిల్లలకు పనికొచ్చేలా పైథాన్‌లో ఒక చిన్న కంప్యూటర్ ఆల్జీబ్రా సాఫ్ట్‌వేర్ రాస్తున్నాం. లెక్క తెలుగులో టైప్ చేస్తే జవాబూ స్టెప్పులూ తెలుగులోనే రావాలని పంతం. అందుకే ఇక్కడ కూడా ఫార్ములాలు తెలుగు లిపిలోనే పెడుతున్నా, ఏమనుకోవద్దు.

ఇంటిగ్రేషన్ ప్రస్తుతం ఇట్లా నడుస్తోంది. ముందు పట్టికలో వెతుకుతుంది (180 రూల్స్ దాకా ఉన్నాయి), దొరక్కపోతే సబ్‌స్టిట్యూషన్, అదీ కాకపోతే బై పార్ట్స్. భిన్నం వస్తే హారాన్ని ఫ్యాక్టర్ చేసి పాక్షిక భిన్నాలుగా విడగొడుతుంది. మూడు చోట్ల ఇరుక్కున్నాం.

మొదటిది ఇది:

∫ (ఎక్స్⁴ − 3ఎక్స్² + 6) / (ఎక్స్⁶ − 5ఎక్స్⁴ + 5ఎక్స్² + 4) డీఎక్స్

హారం పూర్ణాంకాల్లో ఫ్యాక్టర్ కాలేదు. అది (ఎక్స్³ − 3ఎక్స్)² + (ఎక్స్² − 2)² అని టీములో ఒకరు పట్టుకుని, టాన్⁻¹((ఎక్స్³ − 3ఎక్స్)/(ఎక్స్² − 2)) అని రూల్ చేర్చినారు. డెరివేటివ్ తీసి చూస్తే ముక్కకు ముక్క సరిపోతోంది. కానీ 1 నుంచి 2 వరకు విలువ కడితే −0.3218 వస్తోంది! లవం, హారం రెండూ ఎప్పుడూ పాజిటివే గదా, మైనస్ యాడ నుంచి వచ్చింది?

రెండోది, ఇ^ఎక్స్ · సైన్ ఎక్స్ ఇస్తే బై పార్ట్స్ తిరుగుతూనే ఉంటుంది, రికర్షన్ లిమిట్ దాటి పడిపోతుంది.

మూడోది, ఇ^(ఎక్స్²) ఇస్తే "జవాబు దొరకలేదు" అంటుంది. దొరకలేదు అనడం వేరు, అసలు లేదు అనడం వేరు. రెండో మాట ప్రోగ్రాము ధైర్యంగా ఎప్పుడు చెప్పొచ్చు?

సుంకేసుల (కర్నూలు)

మీ డెరివేటివ్ తప్పు కాదు, యాంటీడెరివేటివ్ (ఇంటిగ్రేషన్ జవాబుగా వచ్చిన ఫంక్షన్) తెగిపోయింది. ఎక్స్ = √2 దగ్గర ఎక్స్² − 2 సున్నా అవుతుంది, టాన్⁻¹ లోపలి భిన్నం ఒక పక్క ప్లస్ అనంతానికి, ఇంకో పక్క మైనస్ అనంతానికి పోతుంది. అక్కడ విలువ π మేర కిందికి దూకుతుంది. 1కీ 2కీ మధ్యలోనే √2 ఉంది. మీ −0.3218కి π కలిపి చూడండి, 2.8198 వస్తుంది. సరైన జవాబు అదే.

అలాగని చివర్లో π కలిపే అతుకు వేయకండి. భిన్నాలకు (రేషనల్ ఫంక్షన్లకు) తెగని జవాబే ఇచ్చే పద్ధతి ఉంది. ఇందులో హారాన్ని ఫ్యాక్టర్ చేసే పనే లేదు. 1976లో రోత్‌స్టైన్, ట్రేగర్ విడివిడిగా చూపించిన సంగతి ఇది: లాగ్‌ల ముందు వచ్చే గుణకాలన్నీ ఒక రిజల్టెంట్ మూలాలు. (రిజల్టెంట్ అంటే రెండు బహుపదుల గుణకాలతో కట్టేది, వాటికి ఉమ్మడి మూలం ఉంటేనే సున్నా అవుతుంది.) హారం డి, లవం ఎన్ అనుకుంటే, జడ్ అనే కొత్త చలరాశి పెట్టి, ఎన్ − జడ్·డి′ కీ డి కీ ఎక్స్ పరంగా రిజల్టెంట్ తీయాలి. (డి′ అంటే డి డెరివేటివ్. ఇక్కడ 6ఎక్స్⁵ − 20ఎక్స్³ + 10ఎక్స్.) మీ లెక్కకు వచ్చేది:

45796 · (4జడ్² + 1)³

ఆ 45796 అంటే 214 వర్గం. దాన్ని పారేయండి, కావాల్సింది 4జడ్² + 1 ఒక్కటే. ఘాతం 3 కాబట్టి, ప్రతి జడ్ విలువకూ లాగ్ లోపల ఉండే బహుపది డిగ్రీ 3. అది రావాలంటే మళ్లీ గసాభా (గరిష్ఠ సామాన్య భాజకం) తీయనక్కర్లేదు. రిజల్టెంట్ కట్టేటప్పుడు సబ్‌రిజల్టెంట్ వరుస (దారిలో వచ్చే శేష బహుపదుల వరుస) ఎలాగూ తయారవుతుంది, అందులో డిగ్రీ 3 ఉన్నదాన్ని ఎత్తుకోండి. లజార్, రియోబూ, ట్రేగర్ చేర్చిన మెరుగు ఇదే. ఎత్తుకున్న బహుపది గుణకాలు చూసి భయపడకండి, జడ్‌లో పెద్ద పెద్ద బహుపదులుగా ఉంటాయి. 4జడ్² + 1 తో భాగించి శేషాలు ఉంచుకుని, ముందు గుణకానికి అదే మాడ్యులోలో (అంటే ఆ శేషాల లెక్కలోనే) విలోమం కట్టి గుణిస్తే ఇంత చిన్నదవుతుంది:

ఎక్స్³ + 2జడ్·ఎక్స్² − 3ఎక్స్ − 4జడ్

ఇప్పుడు జడ్ = ±ఐ/2 (ఐ అంటే √−1). ప్లస్ విలువ పెడితే (ఎక్స్³ − 3ఎక్స్) + ఐ(ఎక్స్² − 2). మీవాళ్లు కళ్లతో పట్టుకున్న రెండు వర్గాలూ ఇక్కడ యంత్రానికే దొరికినాయి.

అసలు జాగ్రత్త ఇక్కడి నుంచి. ఏ + ఐబీ కనపడగానే టాన్⁻¹(ఏ/బీ) అని రాసేస్తే మీకు వచ్చిన తెగుడే వస్తుంది. రియోబూ పద్ధతి ఇలా ఉంటుంది. "లాగ్ నుంచి టాన్" అని ఒక ఫంక్షన్ రాయండి, ఇన్‌పుట్ ఏ, బీ:

బీ తో ఏ నిశ్శేషంగా భాగమైతే 2టాన్⁻¹(ఏ/బీ) ఇచ్చి ఆగండి. ఏ డిగ్రీ బీ డిగ్రీ కన్నా తక్కువైతే (−బీ, ఏ) తో మళ్లీ అదే ఫంక్షన్‌ను పిలవండి. లేకపోతే ఎక్స్‌టెండెడ్ యూక్లిడ్‌తో బీ·పీ − ఏ·క్యూ = జీ అయ్యే పీ, క్యూ కనుక్కోండి (జీ అంటే గసాభా). జవాబు 2టాన్⁻¹((ఏ·పీ + బీ·క్యూ)/జీ), దానికి (పీ, క్యూ) తో అదే ఫంక్షన్ పిలిచిన ఫలితం కలపాలి.

మీ లెక్కతో నడిపి చూద్దాం. ఏ = ఎక్స్³ − 3ఎక్స్, బీ = ఎక్స్² − 2. యూక్లిడ్ చేస్తే పీ = ఎక్స్² − 1, క్యూ = ఎక్స్, జీ = 2. మొదటి ముక్క (ఎక్స్⁵ − 3ఎక్స్³ + ఎక్స్)/2. తర్వాత (ఎక్స్² − 1, ఎక్స్) తో పిలిస్తే పీ = ఎక్స్, క్యూ = 1, జీ = 1, ముక్క ఎక్స్³. చివరికి (ఎక్స్, 1) మిగులుతుంది, ముక్క ఎక్స్. లాగ్ ముందున్న గుణకం (జడ్ = ఐ/2) లోని ½ ఆ 2 ను కొట్టేస్తుంది:

టాన్⁻¹((ఎక్స్⁵ − 3ఎక్స్³ + ఎక్స్)/2) + టాన్⁻¹(ఎక్స్³) + టాన్⁻¹(ఎక్స్)

మూడు టాన్⁻¹ లలో దేని లోపలా హారంలో ఎక్స్ లేదు, కాబట్టి తెగదు. 2 దగ్గర విలువలోంచి 1 దగ్గర విలువ తీసేయండి, 2.8198.

పాలకొండల_నీడ (కడప)

సుంకేసుల గారు చెప్పింది చివరి సగం. అది నేరుగా పెడితే హారంలో వర్గాలు, ఘనాలు ఉన్న మొదటి లెక్కలోనే తిరగబడుతుంది, ఎందుకంటే రిజల్టెంట్ పద్ధతికి హారంలో ఒకే కారణాంకం రెండుసార్లు రాకూడదు. ముందు సగం ఇది.

మొట్టమొదట లవం డిగ్రీ హారం కన్నా తక్కువ అయ్యేలా భాగించండి. తర్వాత హారానికి స్క్వేర్‌ఫ్రీ విభజన: హారానికీ దాని డెరివేటివ్‌కీ గసాభా తీసుకుంటూ పోతే ఒక్కసారి వచ్చేవి, రెండుసార్లు వచ్చేవి, మూడుసార్లు వచ్చేవి వేరవుతాయి. దీనికీ ఫ్యాక్టరైజేషన్ అక్కర్లేదు. యూన్ పద్ధతి వాడితే గసాభాల సైజు అదుపులో ఉంటుంది. ఆ తర్వాత హెర్మిట్ రిడక్షన్.

హారంలో వీ^కే ఉందనుకోండి, కే కనీసం 2. వీ, వీ′ లకు ఉమ్మడి కారణాంకం లేదు గనక, ఎన్ = −(కే−1)·బీ·వీ′ + సీ·వీ అయ్యే బీ, సీ ఎప్పుడూ దొరుకుతాయి. అప్పుడు బీ/వీ^(కే−1) బయటికి వచ్చేస్తుంది, లోపల (సీ − బీ′)/వీ^(కే−1) మిగులుతుంది. కే ఒకటి తగ్గింది. 1/(ఎక్స్² + 1)² మీద చూడండి: బీ = ఎక్స్/2, సీ = 1. బయటికి ఎక్స్/(2(ఎక్స్² + 1)), లోపల ½ · 1/(ఎక్స్² + 1). ఇంటర్ పుస్తకంలో ఎక్స్ = టాన్ థీటా పెట్టి చేసే లెక్క ఇదే, ఇక్కడ మాత్రం ఉత్త బహుపదుల భాగహారంతో అయిపోయింది. ఆస్ట్రోగ్రాడ్‌స్కీ, హొరొవిట్జ్ దారి ఇంకొకటి ఉంది. తెలియని గుణకాలు పెట్టి మొత్తం ఒకే లీనియర్ సిస్టంగా సాధించడం. కోడు చిన్నది. కానీ హారం డిగ్రీ 20 అయితే 20 తెలియనివాటి సిస్టం, అందులోనూ భిన్నాల గుణకాలు. సింపై (పైథాన్ కంప్యూటర్ ఆల్జీబ్రా లైబ్రరీ) సోర్సులో రేషనల్‌టూల్స్ ఫైలు తెరిస్తే ఈ దారే కనపడుతుంది. లాగ్ నుంచి టాన్ ఫంక్షన్ కూడా అదే ఫైల్లో ఉంది, మీ కోడు పక్కన పెట్టుకుని పోల్చుకోండి.

ఈ సగంలో విరిగేవి రెండు. పిల్లలు 0.1 అని టైప్ చేస్తారు. దాన్ని ఫ్లోట్‌గా (ఉజ్జాయింపు దశాంశంగా) లోపలికి రానిచ్చినారంటే మీ గసాభా ఎప్పుడూ 1 అనే చెప్తుంది. శేషం సున్నా కావాల్సిన చోట 0.00000000000000003 లాంటిది మిగిలి, అది సున్నా కాదనుకుని ఇంకో అడుగు వేస్తుంది. పార్సర్ (టైప్ చేసింది చదివే భాగం) దగ్గరే 1/10 చేసేయండి. రెండోది గుణకాల ఉబ్బు. మామూలు యూక్లిడ్ పూర్ణాంకాల మీద నడిపితే ప్రతి అడుగులో అంకెల సంఖ్య ఇంచుమించు రెట్టింపవుతుంది, డిగ్రీ 12, 15 దగ్గరికి వచ్చేసరికి వందల అంకెలు. సబ్‌రిజల్టెంట్ పద్ధతిలో ఏ సంఖ్యతో భాగించవచ్చో ముందే తెలుసు కాబట్టి ఉబ్బు అదుపులో ఉంటుంది.

ఇక రూల్స్ సంగతి. వాటిని తీసేయమని నేను చెప్పను, పిల్లలకు స్టెప్పులు చూపించాలంటే అవే ఆధారం. రూబీ (Rubi) అనే ఇంటిగ్రేషన్ వ్యవస్థ 6,000 పైచిలుకు రూల్స్‌తోనే నడుస్తుంది, బాగా నడుస్తుంది. కానీ అక్కడ ప్రతి రూలుకూ ఎప్పుడు వాడాలో కచ్చితమైన షరతు ఉంటుంది, రూల్ వాడిన ప్రతిసారీ లెక్క చిన్నదవ్వాలి. మీ 180 రూల్స్‌కి అటువంటి షరతులు ఉన్నట్టు లేవు, అందుకే తిరుగుడు. ఇ^ఎక్స్·సైన్ ఎక్స్‌కి తక్షణ మందు: రికర్షన్‌లో దిగుతున్న ప్రతి ఇంటిగ్రాండ్‌నూ (ఇంటిగ్రేట్ చేయాల్సిన ఫంక్షన్‌నూ) ఒక వరుసలో దాచండి. కొత్తది పాతదానికి స్థిర గుణిజమైతే ఆగి, ఐ = ఏదో + కే·ఐ అనే సమీకరణం సాధించండి (ఇక్కడ ఐ అంటే √−1 కాదు, మనకు కావాల్సిన ఇంటిగ్రల్). ఇక్కడ కే = −1, కాబట్టి ఐ = ½·ఇ^ఎక్స్(సైన్ ఎక్స్ − కాస్ ఎక్స్). కే = 1 వస్తే మాత్రం ఆ దారి దండగ, వదిలేసి వేరే దారి చూడండి. ఈ చివరి షరతు మర్చిపోయి సున్నాతో భాగించే కోడు చాలాచోట్ల కనపడుతుంది.

అనంతపురం_గణకం

సుంకేసుల అక్కా, పాలకొండల అన్నా, ఇద్దరికీ శనక్కాయల బస్తా బాకీ ఉన్నాం. రెండు సగాలూ కలిపి రాసినాం, 2.8198 వస్తోంది. బై పార్ట్స్ తిరుగుడు కూడా ఆగింది.

ఆ ధైర్యంతో త్రికోణమితికి పోయినాం. 1/(2 + కాస్ ఎక్స్) లో టీ = టాన్(ఎక్స్/2) పెట్టి భిన్నంగా మార్చి, కొత్త కోడుకే ఇచ్చినాం. జవాబు (2/√3)·టాన్⁻¹(టాన్(ఎక్స్/2)/√3). 0 నుంచి 2π వరకు కడితే సున్నా! భిన్నం తెగకుండా చేసినాం గదా, మళ్లీ ఏందిది?

బెళుగుప్ప_బైట్

భిన్నం తెగలేదు తమ్ముడూ, నువ్వు పెట్టిన టీ తెగింది. టాన్(ఎక్స్/2) ఎక్స్ = π దగ్గర అనంతానికి పోతుంది. రియోబూ పద్ధతి టీ కి హామీ ఇస్తుంది, టీ ని ఎక్స్‌గా తిరిగి మార్చినాక ఏమైతుందో దానికి తెలీదు. ఇంటిగ్రాండ్ 1/3కీ 1కీ మధ్యలో ఉండేది, అసలు జవాబు 2π/√3, అంటే 3.6276.

సరిచేసే దారులు రెండు. π దగ్గర ఎంత దూకుతుందో లిమిట్‌తో కట్టి ఫ్లోర్ ఫంక్షన్ (సంఖ్యను మించని అతిపెద్ద పూర్ణాంకం ఇచ్చేది) చేర్చడం ఒకటి: ఇక్కడ (2π/√3)·ఫ్లోర్((ఎక్స్ + π)/(2π)). జెఫ్రీ, రిచ్ ఇద్దరూ 1994లో వివరంగా రాసిన పద్ధతి ఇదే. ఏ లెక్కకైనా పనిచేస్తుంది, కానీ చూడ్డానికి అందంగా ఉండదు, ఫ్లోర్ చూసి పిల్లోళ్లు బెదురుతారు. రెండోది తెగని రూపమే ఇచ్చేయడం:

ఎక్స్/√3 − (2/√3)·టాన్⁻¹(సైన్ ఎక్స్/(2 + √3 + కాస్ ఎక్స్))

2 + √3 + కాస్ ఎక్స్ ఎప్పుడూ సున్నా కాదు. 1/(ఏ + బీ·కాస్ ఎక్స్) రకానికి, ఏ పాజిటివ్‌గా ఉండి బీ సైజు కన్నా పెద్దదైతే, √3 స్థానంలో √(ఏ² − బీ²) పెట్టి, సైన్, కాస్ రెండింటికీ బీ గుణకం చేర్చి ఇదే రూపం రూల్‌గా పెట్టుకో. మిగతావాటికి ఫ్లోర్. నా ఓటు ఇట్లా కలగలుపుకే.

ఇంకో మాట. టీ = టాన్(ఎక్స్/2) అన్నిటికీ వాడొద్దు, డిగ్రీలు రెట్టింపైతాయి. ఇంటిగ్రాండ్‌లో సైన్, కాస్ రెండిటి గుర్తూ ఒకేసారి మార్చినా అది మారకపోతే టీ = టాన్ ఎక్స్ చాలు, హారం డిగ్రీ సగమైపోతుంది. కానీ దానికి π/2 దగ్గర అదే రోగం, మందూ అదే.

పాలకొండల_నీడ (కడప)

మూడో ప్రశ్నకు ఎవరూ రాలేదు, నేనే రాస్తా. "అసలు లేదు" అనే మాటకు పునాది లూవిల్ సిద్ధాంతం, 1830ల నాటిది. దాన్ని లెక్కచేసే పద్ధతిగా మార్చింది రిష్, 1969లో. ఘాతాల విషయంలో సారం ఇంతే: ఎఫ్·ఇ^జీ కి ప్రాథమిక ఫంక్షన్లలో (బహుపదులు, మూలాలు, ఘాతాలు, లాగ్‌లు, త్రికోణమితి కలిపి రాయగలిగేవాటిలో) జవాబు ఉంటే అది వై·ఇ^జీ రూపంలోనే ఉండాలి. ఎఫ్, జీ భిన్నాలు (జీ స్థిరం కాదు), వై కూడా భిన్నమే. డెరివేటివ్ తీస్తే వై′ + జీ′·వై = ఎఫ్.

ఇ^(ఎక్స్²) కి సమీకరణం వై′ + 2ఎక్స్·వై = 1. వై హారంలో ఏదైనా కారణాంకం ఉంటే వై′ లో దాని ఘాతం ఒకటి పెరుగుతుంది, దాన్ని కొట్టేసేది ఇంకేదీ లేదు, కాబట్టి వై బహుపది. డిగ్రీ ఎంతైనా సరే, 2ఎక్స్·వై డిగ్రీ ఒకటి ఎక్కువ, వై′ డిగ్రీ తక్కువ. మొత్తం డిగ్రీ కనీసం 1, కుడిపక్క డిగ్రీ 0. పొసగదు. "లేదు" అని రాసేయొచ్చు, ఇది రుజువే. అదే ఎక్స్·ఇ^(ఎక్స్²) అయితే కుడిపక్క ఎక్స్, వై = ½ తో పొసుగుతుంది. ఈ ఒక్క రకానికి కోడు రాసుకుంటే పాఠ్యపుస్తకాల్లో వచ్చే ఘాతపు లెక్కల్లో చాలావాటికి ఉంది, లేదు అని తేల్చగలరు. ఇంత చిన్న కోడుకు ఇంత లాభం ఇచ్చే భాగం ఇంకొకటి లేదని నా అభిప్రాయం.

లాగ్‌లు, ఘాతాలు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్నప్పుడు ఇంకో ప్రమాదం ఉంది. ఒక్కోదాన్నీ కొత్త చలరాశిగా పేర్చుకుంటూ పోవాలి, కానీ పేర్చే ముందు అది నిజంగా కొత్తదేనా అని చూడాలి. లాగ్(2ఎక్స్), లాగ్ ఎక్స్ రెండిటినీ వేరువేరు చలరాశులుగా పెట్టినారనుకోండి. వాటి తేడా లాగ్ 2, స్థిరం. మీ కోడుకు మాత్రం అది చలరాశుల తేడా, దాని డెరివేటివ్ సున్నా. పైన చెప్పిన డిగ్రీ వాదనలన్నీ కొత్త స్థిరాలు పుట్టకూడదనే షరతు మీద నిలబడినవి. ఆ షరతు కూలితే ఉన్న జవాబుకు కూడా "లేదు" అని రుజువు ఇచ్చేస్తుంది. జవాబు తప్పు రావడం కన్నా ఇది ప్రమాదం, ఎందుకంటే "లేదు" అన్నదాన్ని ఎవరూ డెరివేటివ్ తీసి సరిచూడలేరు. ఇ^ఎక్స్, ఇ^(ఎక్స్/2) కలిసి వస్తే ఇ^(ఎక్స్/2) నే చలరాశిగా పెట్టి ఇ^ఎక్స్‌ను దాని వర్గంగా రాయండి. లాగ్(ఎక్స్² + ఎక్స్) ను లాగ్ ఎక్స్ + లాగ్(ఎక్స్ + 1) గా విడగొట్టండి.

వర్గమూలాల జోలికి ఇప్పుడే పోవద్దు. ఎక్స్/√(ఎక్స్⁴ + 10ఎక్స్² − 96ఎక్స్ − 71) కి ప్రాథమిక జవాబు ఉంది, ఆ 71ని 72 చేస్తే లేదు. ఆ తేడా పట్టుకునే యంత్రాంగం ట్రేగర్ 1984 థీసిస్ స్థాయి పని. అక్కడ మీ ప్రోగ్రాము "దొరకలేదు" అంటే చాలు. కాబట్టి మూడు రకాల జవాబులు పెట్టండి: ఇదిగో జవాబు, జవాబు లేదు, నాకు తెలీదు. రెండోదీ మూడోదీ కలిపేయకండి.

సుంకేసుల (కర్నూలు)

టెస్టుల గురించి ఒక మాట, మొదటి తప్పు బయటపడకపోవడానికి అసలు కారణం అదే. డెరివేటివ్ తీసి, ఇంటిగ్రాండ్‌ను తీసేసి, సింప్లిఫై చేసి సున్నా వచ్చిందా అని చూస్తున్నారు గదా. అందులో రెండు లోపాలు. తెగుడు దానికి కనపడదు. రెండోది, సింప్లిఫై సున్నాను సున్నాగా గుర్తించలేకపోతే సరైన జవాబు కూడా ఫెయిల్ అవుతుంది. (సైన్, π, మాడ్యులస్ అన్నీ ఉన్న ఎక్స్‌ప్రెషన్లకు ఆ పని ఏ ప్రోగ్రామూ పూర్తిగా చేయలేదని రిచర్డ్‌సన్ 1968లోనే తేల్చినాడు.)

కాబట్టి భిన్నాలకు: తేడాను 2147483647 అనే ప్రైమ్ మాడ్యులోలో ఐదారు యాదృచ్ఛిక విలువల దగ్గర కట్టండి. హారం సున్నా అయితే ఆ విలువ వదిలి ఇంకోటి. సింప్లిఫై అక్కర్లేదు, మిల్లీసెకన్లలో తేలుతుంది. మిగతావాటికి సంకీర్ణ సంఖ్యల దగ్గర 30 అంకెల ఖచ్చితత్వంతో విలువలు. ఆపైన, ప్రతి జవాబుకూ −4 నుంచి 4 మధ్యలో ఇంటిగ్రాండ్‌కి పోల్ (విలువ అనంతానికి పోయే చోటు) లేని ఇరవై చిన్న అంతరాలు తీసుకుని, సింప్సన్ రూలుతో వచ్చిన విలువనూ యాంటీడెరివేటివ్ తేడానూ పోల్చండి. తేడా π గుణిజంగా వస్తే టాన్⁻¹ తెగింది. ఐ కలిసిన π గుణిజంగా వస్తే లాగ్ బ్రాంచి దాటింది.

లాగ్ ఎక్స్ అని రాస్తే ఎక్స్ నెగటివ్‌గా ఉన్నచోట విలువలో ఐ·π కలుస్తుంది. అలాగని పుస్తకంలో ఉన్నట్టు లాగ్|ఎక్స్| అని ప్రోగ్రాము లోపల పెట్టకండి, మాడ్యులస్ ఉంటే పాలకొండల గారు చెప్పిన చలరాశుల పేర్పు పాడవుతుంది. లోపలంతా లాగ్ ఎక్స్, పిల్లలకు చూపించే చివరి మెట్టులో మాత్రం మాడ్యులస్ చేర్చండి.

అనంతపురం_గణకం

టెస్టులు అట్లే మార్చినాం, పాత 180 రూల్స్‌లో 11 తెగినవి బయటపడినాయి, తొమ్మిది టాన్(ఎక్స్/2) వే. ఒక్క చిన్న సందేహం మిగిలింది. 1/(ఎక్స్² + ఏ) లో ఏ గుర్తు తెలియనప్పుడు ఏం చూపించాలి?

బెళుగుప్ప_బైట్

రిజల్టెంట్ 4ఏ·జడ్² + 1 వస్తుంది. ఏ పాజిటివ్ అయితే జడ్ సంకీర్ణం, టాన్⁻¹. నెగటివ్ అయితే జడ్ రియల్, రెండు లాగ్‌లు. ఏ సున్నా అయితే జడ్‌కి మూలమే లేదు, ఎందుకంటే హారం స్క్వేర్‌ఫ్రీ కాదు, జవాబు −1/ఎక్స్. మూడు కేసులూ విడివిడిగా చూపించు, ఇంటర్ పిల్లోళ్లకు అదే అలవాటు. ఎక్కడ కేసులు విడగొట్టాలో తెలియాలంటే రిజల్టెంట్ ముందు గుణకం, హారం డిస్క్రిమినెంట్, ఈ రెండూ ఎప్పుడు సున్నా అవుతాయో చూడు. ఇక్కడ రెండూ 4ఏ, −4ఏ. పారామీటర్లు మూడు దాటితే కేసులు చేతికందవు, అప్పుడు సాధారణ జవాబు ఒకటి ఇచ్చి "ఏ ≠ 0" అని కింద షరతు రాసేయ్.